పట్నం పంపే ముందు ఇవ్వవలసిన మాట



పరీక్షా ఫలితాలు వెలువడిన తరువాత ప్రతి సంవత్సరం మన ఊళ్ళనుండి ఒక ప్రయాణం మొదలవుతుంది. ఇంటర్ ముగించిన పిల్లలు డిగ్రీకని, డిగ్రీ ముగించినవారు ఉద్యోగ శిక్షణకని హైదరాబాదు బయలుదేరతారు. సాఫ్ట్‌వేర్ కోర్సులకు అమీర్‌పేట, గ్రూప్స్ పరీక్షలకు అశోక్‌నగర్, చిక్కడపల్లి, ఇంకా దిల్‌సుఖ్‌నగర్. ఇవన్నీ నగరం నడిబొడ్డున, మనిషికి మనిషి తగిలేటంత రద్దీగా ఉండే చోట్లు. తల్లి పచ్చళ్ళు సర్దుతుంది. తండ్రి ఫీజు, హాస్టల్ అడ్వాన్సు లెక్క చూసుకుంటాడు. బస్సు కదిలే వేళకు ఇద్దరూ చెప్పేది ఒకే మాట: “జాగ్రత్త!”

ఆ మాటకు అర్థమేమిటి? దేనిని గూర్చి జాగ్రత్త? ఎలా జాగ్రత్త? ఈ వారం ఆ విషయాన్ని కుటుంబమంతా కూర్చుని ఆలోచించాలని నా కోరిక.

భయం వేరు, జాగ్రత్త వేరు

ధైర్యమనే సుగుణం పిరికితనానికీ, తెగింపుకూ నడుమ ఉంటుందని గ్రీకు తత్వవేత్త అరిస్టాటిల్ బోధించాడు. పిరికివాడు గది దాటి బయటకు రాడు. తెగించినవాడు దేనినీ లెక్కచేయడు. ధైర్యవంతుడు దేనికి భయపడాలో, ఎప్పుడు, ఎంతవరకు భయపడాలో తెలిసినవాడు. ఆ తెలివినే మనం వివేకం అంటాం. “జాగ్రత్త” అని పదిసార్లు చెప్పినంత మాత్రాన అది రాదు. ఏ చోట ఏమి చూడాలో, ఏ సమయంలో ఏమి చేయాలో ఒక్కొక్కటిగా నేర్చుకుంటేనే వస్తుంది. కనుక మనం కూడా ఒక్కొక్కటిగా చూద్దాం.

మొదటిది: గది చూసే ముందు భవనాన్ని చూడండి

హాస్టల్ చూడడానికి వెళ్ళిన తండ్రి సాధారణంగా ఏమి అడుగుతాడు? అద్దె ఎంత, భోజనం ఎలా ఉంటుంది, నీళ్ళు వస్తాయా, కాలేజీకి ఎంత దూరం అని అడుగుతాడు. మెట్లు ఎన్ని వైపుల ఉన్నాయని అడిగేవారు తక్కువ.

2022 సెప్టెంబరు 12న సికింద్రాబాదులో, కింద ఎలక్ట్రిక్ స్కూటర్ల షోరూం, పైన లాడ్జి ఉన్న భవనంలో మంటలు లేచాయి. పొగ పైకి ఎగబాకి లాడ్జిలో ఉన్నవారిలో ఎనిమిది మంది మరణించారు. 2023 మార్చి 16న అదే సికింద్రాబాదులోని స్వప్నలోక్ కాంప్లెక్స్‌లో జరిగిన అగ్నిప్రమాదంలో ఆరుగురు యువతీ యువకులు పొగకు ఊపిరాడక ప్రాణాలు విడిచారు. వారంతా జిల్లాల నుండి ఉపాధి వెతుక్కుంటూ నగరానికి వచ్చిన బిడ్డలు. 2024 జులై 27న ఢిల్లీలోని ఓల్డ్ రాజేంద్రనగర్‌లో ఒక శిక్షణా కేంద్రం సెల్లార్‌లో నడుస్తున్న లైబ్రరీలోకి వాన నీరు దూసుకువచ్చి ముగ్గురు విద్యార్థులు చనిపోయారు. మన పిల్లలు కూడా సివిల్స్ శిక్షణకు వెళ్ళే ప్రాంతమే అది.

నగరమంటే మనకు దొంగలు, రౌడీలు గుర్తుకు వస్తారు. ఈ మూడు చోట్ల ప్రాణాలు తీసినవి మాత్రం మంట, పొగ, నీరు. కనుక అడ్వాన్సు కట్టే ముందు కింది సంగతులు చూడండి.

బయటకు పోవడానికి రెండవ దారి ఉందా? మెట్ల మీద పాత మంచాలు, సామాన్లు అడ్డంగా ఉన్నాయా? రాత్రి గేటుకు తాళం వేస్తే తాళంచెవి ఎవరి దగ్గర ఉంటుంది? డాబా తలుపు తెరిచి ఉంటుందా? కిటికీలకు బిగించిన గ్రిల్స్‌లో ఒకటైనా లోపలినుండి తెరుచుకుంటుందా? మెట్ల కిందనే కరెంటు మీటర్లు, వాటి పక్కనే చార్జింగ్ పెట్టిన స్కూటర్లు, గ్యాస్ సిలిండర్లు ఉన్నాయా? చదువుకునే గది సెల్లార్‌లో ఉంటే వాన పడినప్పుడు నీరు ఎటు పోతుంది? ఈ ప్రశ్నలకు యజమాని విసుక్కుంటే ఆ విసుగే మీకు జవాబు. మరొక హాస్టల్ చూడండి.

బిడ్డకు కూడా నేర్పండి. పొగ కమ్మినప్పుడు లిఫ్ట్ ఎక్కరాదు. పొగ పైకి లేస్తుంది కనుక నేలకు దగ్గరగా వంగి, ముక్కుకు తడిగుడ్డ అడ్డుపెట్టుకుని మెట్ల దారిన దిగాలి. మెట్లే పొగతో నిండి ఉంటే గదిలోకి తిరిగి వచ్చి తలుపు మూసి, సందులలో తడిగుడ్డలు కుక్కి, కిటికీ దగ్గర నిలబడి గుడ్డ ఊపుతూ కేకవేయాలి. వెంటనే 101కి గాని, 112కి గాని ఫోన్ చేయాలి. కుంభవృష్టి కురుస్తున్నప్పుడు సెల్లార్‌లో కూర్చోరాదు. పుస్తకాలు పోతే మళ్ళీ కొనుక్కోవచ్చు.

రెండవది: వీధిలో

రద్దీ రోడ్డు దాటడానికి పరుగు తీయవలసిన పని లేదు. మెట్రో స్టేషను ఉన్న చోట, ప్రయాణం చేయకపోయినా, టికెట్టు లేకుండానే స్టేషను మెట్ల మీదుగా అవతలి వైపు దిగవచ్చు. బస్‌స్టాపులో, ఆటోలో చెవికి ఫోన్ పెట్టుకుని లోకం మరచిపోయినవారి చేతినుండి ఫోన్ లాక్కోవడం దొంగకు సులువు. ఫోన్‌లో *#06# నొక్కితే పదిహేను అంకెల ఐఎంఈఐ నంబరు వస్తుంది. దానిని కాగితం మీద రాసి ఇంటిలో ఉంచండి. ఫోన్ పోతే పోలీసులకు ఫిర్యాదు చేసి, కేంద్ర ప్రభుత్వపు సీఈఐఆర్ పోర్టల్‌లో ఆ నంబరు నమోదు చేస్తే ఆ ఫోన్‌ను బ్లాక్ చేస్తారు.

రాత్రివేళ ఆటో గాని, క్యాబ్ గాని ఎక్కే ముందు బండి నంబరు ఫోటో తీసి స్నేహితురాలికో, ఇంటికో పంపడం అలవాటు కావాలి. ఒంటరిగా ప్రయాణించే స్త్రీల కోసం తెలంగాణ పోలీసులు 2024 మార్చిలో టీ-సేఫ్ అనే సేవను ప్రారంభించారు. ప్రయాణం మొదలైనప్పటినుండి చేరేవరకు దానిని గమనిస్తూ ఉండడం దాని పని. ఎవరైనా వెంటపడినా, వేధించినా ఫిర్యాదు చేయడానికి హైదరాబాదులో 2014 నుండి షీ టీమ్స్ ఉన్నాయి. వెంటపడడం నేరం. అది అమ్మాయి దురదృష్టమూ కాదు, ఆమె తప్పూ కాదు.

మరొక సంగతి చాలామందికి తెలియదు. “ఇది మా స్టేషను పరిధి కాదు” అని పోలీసులు తిప్పి పంపడానికి వీలులేదు. నేరం ఎక్కడ జరిగినా ఏ స్టేషనులోనైనా ఫిర్యాదు ఇవ్వవచ్చు. దీనినే జీరో ఎఫ్ఐఆర్ అంటారు. 2024 జులై 1న అమలులోకి వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో దీనికి చోటు కల్పించారు.

మూడవది: ఫోన్ లోపల

వీధిలో చీకటి పడ్డాక జాగ్రత్తపడే బిడ్డ కూడా గదిలో, మంచం మీద, పట్టపగలు మోసపోవచ్చు. అటువంటి వలలలో నాలుగింటిని తెలుసుకోండి.

ఉద్యోగం వల: పరీక్ష, ఇంటర్వ్యూ లేకుండా “బ్యాక్‌డోర్”లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం ఇప్పిస్తామని డిపాజిట్ అడుగుతారు. ఉద్యోగం ఇచ్చేవాడు జీతం ఇస్తాడు గాని, డబ్బు అడగడు.

ఖాతా వల: “నీ బ్యాంకు ఖాతా కొన్ని రోజులు వాడుకోనివ్వు, కమీషన్ ఇస్తాం” అంటారు. ఆ ఖాతాలోనికి వచ్చేది ఎవరో మోసపోయినవారి సొమ్ము. పోలీసులు వెతుక్కుంటూ వచ్చేది ఖాతా ఎవరి పేరున ఉందో వారి కోసం. పాకెట్ మనీకి ఆశపడి కేసులలో ఇరుక్కున్న విద్యార్థులున్నారు.

అప్పు వల: నిమిషాలలో అప్పు ఇస్తామనే యాప్‌లు మన ఫోన్‌లోని ఫోటోలను, బంధువుల నంబర్లను లాగేసుకుంటాయి. తరువాత వాటితోనే పరువు తీస్తామని బెదిరిస్తారు. 2020 డిసెంబరులో తెలంగాణలో ఇటువంటి వేధింపులకు తాళలేక కొందరు ప్రాణాలు తీసుకోగా పోలీసులు పలువురిని అరెస్టు చేశారు.

బెదిరింపు వల: పోలీసు దుస్తులలో వీడియో కాల్ చేసి “నిన్ను డిజిటల్ అరెస్టు చేశాం, కదలవద్దు” అంటారు. మన చట్టంలో అటువంటి అరెస్టు లేనే లేదు. ఫోన్ పెట్టివేయాలి.

యూపీఐ పిన్ విషయంలో ఒక్కటి గుర్తుంచుకోండి. డబ్బు పంపడానికే గాని, అందుకోవడానికి పిన్ అక్కరలేదు. డబ్బు పోయిందని తెలిసిన వెంటనే 1930కి ఫోన్ చేయాలి. ఎంత త్వరగా చేస్తే ఆ సొమ్మును దారిలో ఆపడానికి అంత అవకాశం ఉంటుంది.

అన్ని వలలకూ ఒకే ముడి

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. ఒక విద్యార్థిని ఉందనుకోండి. ఉద్యోగం డిపాజిట్ అని మూడు వేలు కట్టి మోసపోయింది. నాన్నకు తెలిస్తే తిడతాడని దాచింది. హాస్టల్ ఫీజుకు ఆ మూడు వేలు తక్కువయ్యాయి గనుక యాప్‌లో అప్పు తీసుకున్నది. ఆ అప్పు తీర్చడానికి ఇంకొక యాప్. వాళ్ళు ఫోటోలతో బెదిరించారు. ఈసారి చెప్పడానికి మరింత భయం. మూడు వేలతో పోవలసినది ప్రాణం మీదికి వచ్చింది. ఇక్కడ ఆమెను ముంచినది మొదటి మోసమా, దానిని దాచడమా?

గమనించి చూడండి. బెదిరించేవాడు “ఎవరికైనా చెప్పావో, చూడు” అంటాడు. ఖాతా అడిగేవాడు “ఇది మన మధ్యనే ఉండాలి” అంటాడు. ర్యాగింగ్ చేసే సీనియర్, ఫోటోలు దాచుకుని వేధించే స్నేహితుడు కూడా అదే మాట అంటారు. వలలు వేరైనా ముడి ఒక్కటే. ఆ ముడిని విప్పగలిగేది ఇంటికి చేసే ఒక్క ఫోన్ కాల్.

మరి బిడ్డ ఆ ఫోన్ ఎందుకు చేయదు? తల్లిదండ్రులారా, ఇక్కడ మనల్ని మనమే ప్రశ్నించుకోవాలి. బస్సులో ఒకడు వేధించాడని అమ్మాయి చెబితే మొదటి మాటగా “నీకు ముందే చెప్పాను, చదువు చాలు, వచ్చేయ్” అంటామా? అంటే, ఆ అమ్మాయి ఇక జీవితంలో మనకు ఏమీ చెప్పదు. చదువు ఆగిపోతుందనే భయం ఆమె నోరు నొక్కుతుంది. అబ్బాయి అయితే “మగపిల్లాడివి, నువ్వు కూడా ఏడుస్తావా?” అనే మాటకు భయపడి నోరు మూసుకుంటాడు. మనం ప్రేమతో అన్న మాటే మోసగాడికి తోడవుతుంది.

కనుక బిడ్డ పెట్టె సర్దే రోజున ఒక మాట ఇవ్వండి. “నీవు పొరపాటు చేసినా, మోసపోయినా, పరీక్ష తప్పినా ముందు మాకు చెప్పు. ఆ రోజు నిన్ను కోప్పడం. చదువు మాన్పించం. ముందు నిన్ను కాపాడుకుంటాం. మిగతాది తరువాత మాట్లాడుకుందాం.” ఇచ్చిన మాటను నిలబెట్టుకోవడం మాట ఇవ్వడంకంటె కష్టం. మొదటిసారి బిడ్డ ఏదైనా చిన్న నష్టం చెప్పినప్పుడే మనకు పరీక్ష. అప్పుడు కోపం దిగమింగుకుంటే పెద్ద కష్టాన్ని కూడా చెబుతుంది.

యువతీ యువకులారా, మీకు కూడా ఒక మాట. అమ్మానాన్నలకు చెప్పలేని పరిస్థితి ఉంటే అక్కకో, మేనమామకో, నమ్మకమైన అధ్యాపకునికో చెప్పండి. నగరం చేరిన మొదటి ఆదివారమే దగ్గరలోని దేవాలయానికి వెళ్ళి అక్కడి విచారణ గురువును పరిచయం చేసుకోండి. ఆ పేటలో మిమ్మల్ని పేరుతో ఎరిగిన పెద్దమనిషి ఒకరుంటారు. మనసు బరువెక్కి నిద్ర పట్టని రాత్రి 14416కు ఫోన్ చేయండి. 2022లో మొదలైన ఈ టెలీ-మానస్ సేవలో ఏ వేళనైనా, తెలుగులోనే మాట్లాడవచ్చు, రుసుము లేదు.

ఈ వారం ఇంటిలో చేయవలసినవి

1. ఈ నంబర్లను కాగితం మీద రాసి బిడ్డ పర్సులో ఉంచండి. ఏ ఆపదకైనా 112, పోలీసు 100, అగ్నిమాపక దళం 101, అంబులెన్స్ 108, మహిళలకు 181, సైబర్ మోసాలకు 1930. ఫోన్ పోయినప్పుడు కాగితమే పనికివస్తుంది. దానిపై ఇంటి నంబరు కూడా రాయండి.

2. హాస్టల్ వార్డెన్, ఒక రూమ్మేటు, ఆమె ఇంటివారి నంబర్లను మీ దగ్గర ఉంచుకోండి.

3. రోజూ మాట్లాడుకోవడానికి ఒక వేళ నిర్ణయించుకోండి. ఆ వేళకు ఫోన్ రాకపోతే ఎవరిని అడగాలో ముందే అనుకోండి.

4. ఇంటిలో వారికి మాత్రమే తెలిసిన ఒక గుర్తుమాట పెట్టుకోండి. ఇతరుల ముందు మాట్లాడలేని సమయంలో ఆ మాట వినగానే ఆపద ఉందని మీరు గ్రహించాలి.

5. చివరగా, పైన చెప్పిన ఆ మాటను తల్లిదండ్రులిద్దరూ కలిసి, బిడ్డ ముఖం చూసి చెప్పండి. “నాకు నిజంగానే ఏదైనా చెబుతావా?” అని అడగండి. బిడ్డ జవాబు చెప్పే ముందు కాసేపు ఆగితే తొందరపెట్టకండి. ఆ మౌనానికి కారణమేమిటో ప్రయాణానికి ముందే, ఇంటిలోనే మాట్లాడుకోవడం మంచిది.