ఫెన్స్ ఇచ్చాక మెమరీ అడగొద్దు

గ్రాఫిక్స్ డ్రైవర్‌లో సింక్రనైజేషన్ ప్యాచ్ అనగానే మన కళ్లు లాక్‌ల మీదకే పోతాయి. తీసుకున్న లాక్ వదిలారా లేదా? అదీ చూడాలి. కానీ లినక్స్ కెర్నల్‌లో నేను ముందు వెతికేది అమాయకంగా కనిపించే కేమాలాక్ లైన్.

జీపీయూకి పని ఇచ్చేటప్పుడు డ్రైవర్ ఒక డీఎంఏ ఫెన్స్ తయారుచేస్తుంది. "పని అయ్యాక చెప్తా" అని మాటివ్వడం అన్నమాట. ఆ మాట నమ్ముకుని వేరే డ్రైవర్లు కూడా ఎదురుచూస్తాయి. అలా ఫెన్స్ బయటికిచ్చాక, సిగ్నల్ చేసేలోపు, ఎవరో జీఎఫ్‌పీ కెర్నల్ ఫ్లాగ్‌తో మెమరీ అడిగారనుకోండి. ర్యామ్ ఖాళీ ఉంటే ఏమీ కాదు, టెస్టులన్నీ పాస్! నిండితే మాత్రం కెర్నల్ పాత పేజీలు ఖాళీ చేయించబోతుంది. అవి జీపీయూ వాడుతున్న పేజీలైతే అదే ఫెన్స్ కోసం ఆగిపోవచ్చు. పిచ్చి కుదిరితే గానీ పెళ్లి కాదు, పెళ్లయితే గానీ పిచ్చి కుదరదు. డెడ్‌లాక్‌కి ఇంతకంటే మంచి నిర్వచనం నాకు ఏ టెక్స్ట్‌బుక్‌లోనూ దొరకలేదు.

జీఎఫ్‌పీ అటామిక్ పెట్టేస్తే పోలా అంటారా? అది ఆగదు, నిజమే. కానీ మెమరీ దొరక్కపోతే ఇచ్చిన మాట సంగతేంటి? కావాల్సిందంతా ఫెన్స్ బయటికివ్వకముందే తీసిపెట్టుకోవాలి.

అందుకే డిఫ్‌లో కనిపించే లైన్లు చాలవు. ఫెన్స్ బయటికెళ్లిన చోటి నుంచి సిగ్నల్ దాకా పిలిచే ప్రతి ఫంక్షన్‌నీ తెరిచి చదవాలి. 2020లో కెర్నల్‌లోకి వచ్చిన డీఎంఏ ఫెన్స్ బిగిన్ సిగ్నలింగ్ గుర్తులు పెడితే, ర్యామ్ నిండకపోయినా లాక్‌డెప్ అరుస్తుంది. అవి లేని ప్యాచ్ వస్తే నేనైతే ముందు పెట్టుకుని రమ్మంటాను.