మళ్లీ చూపించండి సార్

బడి నుంచి వచ్చిన పిల్ల "ఇవాళ తెర మీద పాఠం చెప్పారమ్మా" అనగానే చాలామంది తల్లుల ముఖం చిన్నబోతుంది. "ఇంట్లో ఫోను మాన్పించలేక చస్తున్నాం, బళ్లో కూడా ఇదేనా మాస్టారూ?" అని నన్ను అడిగినవాళ్లు ఎందరో. ఆ బెంగలో న్యాయం ఉంది. దాన్ని కొట్టిపారేయను. హైస్కూలు పిల్లలకు ఏళ్ల తరబడి సైన్సు చెప్పినవాడిగా, నా కళ్లతో చూసింది మాత్రం మీకు చెప్పాలి.

గుండె పాఠం వస్తుందంటే ముందురోజే రంగు సుద్దముక్కలు సిద్ధం చేసుకునేవాణ్ణి. మంచి రక్తానికి ఎరుపు, చెడు రక్తానికి నీలం. నాలుగు గదులూ కవాటాలూ శ్రద్ధగా గీసేవాణ్ణి. ఎంత బాగా గీసినా బొమ్మ కదలదు కదా. కవాటం ఒకవైపే ఎందుకు తెరుచుకుంటుందో రెండు అరచేతులూ తలుపుల్లా పెట్టి చూపించేవాణ్ణి. "అర్థమైందా?" అంటే తరగతంతా తలూపేది. ఊపిన తలల్లో ఎన్నింటికి నిజంగా అర్థమైందో పరీక్ష పేపర్లు దిద్దేటప్పుడు తెలిసేది. అప్పటికి మూడు పాఠాలు ముందుకు వెళ్లిపోయి ఉండేవాళ్లం.

ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ హైస్కూళ్లలోకి 2023 నుంచి ఇంటరాక్టివ్ ఫ్లాట్ ప్యానెళ్లు, అంటే వేలితో ముట్టుకుంటే పనిచేసే పెద్ద తెరలు, వచ్చాయి. బళ్లో అందరూ ఐఎఫ్‌పీ అంటారు. దాని మీద గుండె కొట్టుకుంటుంది. వేలు పెడితే ఆగుతుంది, వెనక్కి జరుగుతుంది. మొదటిసారి అలా చూపించిన రోజున, ఎప్పుడూ నోరు విప్పని ఒక పిల్ల చివరి బెంచీలోంచి లేచి "మళ్లీ చూపించండి సార్" అంది. ఆ మాట నాకు ఇప్పటికీ గుర్తే. "మళ్లీ చెప్పండి" అంటే తనకు రాలేదని పదిమందిలో ఒప్పుకున్నట్టు. "మళ్లీ చూపించండి" అంటే ఇంకా చూడాలని ఉన్నట్టు. మొదటిదానికి సిగ్గు అడ్డొస్తుంది, రెండోదానికి రాదు. తరగతిలోకి వచ్చిన ఈ పరికరాల వల్ల జరిగే పెద్ద మేలు నా మటుకు అదే. అర్థం కానిదాన్ని పిల్లలు సిగ్గుపడకుండా మళ్లీ చూడగలుగుతారు, తప్పు చేసి మళ్లీ ప్రయత్నించగలుగుతారు.

కరెంటు పాఠమే చూడండి. నోబెల్ బహుమతి పొందిన భౌతిక శాస్త్రవేత్త కార్ల్ వీమన్ 2002లో కొలరాడో విశ్వవిద్యాలయంలో మొదలుపెట్టిన ఫెట్ అనే ఉచిత ప్రయోగాలున్నాయి. తెర మీదే బ్యాటరీ, తీగ, బల్బు కలుపుకోవచ్చు. తప్పుగా కలిపితే మంటలు కనబడతాయి తప్ప ఎవరి చెయ్యీ కాలదు, సామానూ పాడవదు. పిల్లవాడు పదిసార్లు తప్పు చేసి పదకొండోసారి బల్బు వెలిగించుకుంటాడు. ఆ తర్వాత నిజమైన బల్బు చేతికిస్తే తీగ ఎక్కడ పెట్టాలో వాడికి తెలిసే ఉంటుంది.

వెనకబడిన పిల్లల సంగతి ఇంకా ముఖ్యం. ఢిల్లీ ప్రభుత్వ బడుల పిల్లలపై జరిగిన ఒక అధ్యయనం 2019లో అచ్చయింది. అందులో ఆరో తరగతి పిల్లలు లెక్కల్లో సగటున రెండున్నర తరగతులు వెనక ఉన్నారని తేలింది. బడి అయ్యాక అధ్యయనంలోని కొందరు పిల్లలను కంప్యూటర్ల ముందు కూర్చోబెట్టి, ఎవరి స్థాయికి తగిన లెక్కలు వాళ్లకిచ్చారు. పక్కన చిన్న బృందాలుగా పాఠం చెప్పే మనిషీ ఉన్నారు. నాలుగున్నర నెలల్లోనే ఆ పిల్లలు మిగతావాళ్లకంటే బాగా మెరుగయ్యారు. నలభైమంది ఉన్న తరగతిలో ఒక్కొక్కరు ఆగిపోయిన చోటు వెతికి అక్కణ్ణుంచి మొదలుపెట్టడం ఎంత మంచి మాస్టారికైనా కష్టమే. ఆ పనిలో యంత్రం ఆయనకు సాయపడుతుంది.

అయితే పరికరం ఉన్నంత మాత్రాన చదువు రాదు. పెరూ దేశం లక్షల లాప్‌టాప్‌లు పిల్లల చేతుల్లో పెట్టింది. తర్వాత పరీక్షించి చూస్తే లెక్కల్లోనూ భాషలోనూ మార్పు కనబడలేదు. పాఠాన్ని మధ్యలో ఆపి ప్రశ్న వేసే మనిషి తెర పక్కన ఉండాలి. బళ్లో ఆ మనిషి టీచరు, ఇంట్లో మీరు.

అందుకే చెబుతున్నాను, సాయంత్రం "ఎన్ని మార్కులొచ్చాయి?" అనే ముందు "ఇవాళ ఏం చూశావు? నాకు గీసి చూపించు" అనండి. కాగితం, పెన్సిలు చాలు. చూసినదాన్ని తెర లేకుండా గీయగలిగితే అది బుర్రకెక్కినట్టే. గీయలేకపోతే కోప్పడకండి. ఏ పాఠం మళ్లీ చూడాలో మీ ఇద్దరికీ తెలిసిందనుకోండి. పాఠ్యపుస్తకంలో క్యూఆర్ కోడ్ ఉంటుంది. 2017లో వచ్చిన దీక్షా యాప్‌తో దాన్ని స్కాన్ చేస్తే ఆ పాఠానికి సంబంధించిన వీడియోలు ఉచితంగా దొరుకుతాయి. ఫోను పిల్లకిచ్చి వంటింట్లోకి వెళ్లిపోకండి. పక్కనే కూర్చోండి. పాఠం అయిపోగానే ఫోను మీ చేతికి రావాలని ముందే చెప్పండి. పాఠానికి తెరిచిన ఫోను పాఠంతోనే మూతపడితే, ఆటకు వేరే వేళ ఉంటుందని పిల్లకు క్రమంగా అలవాటవుతుంది.

బడికి వెళ్లినప్పుడు కూడా అడగండి. విద్యాహక్కు చట్టం ప్రకారం ప్రభుత్వ, ఎయిడెడ్ బడుల యాజమాన్య కమిటీల్లో నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులే ఉండాలి, సగంమంది ఆడవాళ్లు కావాలి. కాబట్టి అడిగే హక్కు మీకుంది. తెరను వారంలో ఎన్నిసార్లు వాడుతున్నారు? పిల్లలు దాన్ని ముట్టుకుంటున్నారా, కూర్చుని చూడటమేనా? చూపు సరిగా లేని పిల్లకు అక్షరాలు పెద్దవి చేస్తున్నారా? పాడైతే బాగుచేయించేదెవరు? నెమ్మదిగా, గౌరవంగా అడిగితే టీచర్లకు అది బలమే. ముసుగు కప్పి ఉంచిన తెర వల్ల ఎవరికీ ఉపయోగం లేదు.

"మేం చదువుకోలేదు మాస్టారూ, మాకేం తెలుస్తుంది?" అనేవాళ్లకు ఒక మాట. మీకు తెలియకపోవడమే ఇక్కడ పిల్లకు మేలు. తెలియనివాళ్లకు చెప్పాలంటే తను సరిగ్గా తెలుసుకోవాలి కదా. మీ పిల్ల ఎదురుగా కూర్చోండి. గుండె గీస్తుంది, బాణాలు పెడుతుంది, మధ్యలో తడబడుతుంది. అప్పుడు మీరు అనాల్సింది ఒక్కటే, "నాకు తెలియలేదమ్మా, మళ్లీ చూపించు."