ఇంటి అలర్జీ పరీక్ష

కుటుంబమునకై ఇంటివద్ద చేసికొను అలర్జీ పరీక్షను ఎన్నుకొనువారు ముందుగా విచారింపవలసినది వెల కాదు. అది రక్తములో దేనిని కొలుచునని. తిన్న కొద్దిసేపటికే దద్దుర్లు, ఆయాసము కలిగించు అలర్జీకి మూలము, 1966లో ఇషిజాకా దంపతులు వెల్లడించిన ఐజీఈ అను ప్రతిరక్షకము. అంగడిలోని పెక్కు పరీక్షలు కొలుచునది ఐజీజీని. అది మనము నిత్యము తిను పదార్థములకు సహజముగా పుట్టునదే. వెంట్రుకల పరీక్ష మాట ఎత్తనే వలదు.

మేము ఐజీజీ పట్టికను నమ్మి మా పిల్లవానికి పాలు, గుడ్డు, గోధుమ మాన్పించితిమి. రంజాను పండుగనాడు వాడు షీర్ ఖుర్మా గిన్నెను చూచుచు ఊరకుండెను. మూడు నెలలకు బరువు తగ్గెను, దద్దుర్లు తగ్గలేదు. వైద్యులు పట్టికను ప్రక్కన పెట్టి, ఏమి తిన్న ఎంతసేపటికి వచ్చినవని అడిగిరి. ఐజీఈ పరీక్షకైనను ఆ వృత్తాంతమే ప్రాణము. ఫలితము ‘కలదు’ అని వచ్చియు ఆ వస్తువును సుఖముగా తినువారున్నారు. మావానికి తేలినది జీడిపప్పు ఒక్కటే.