జర్మనీలో తొలి ఖాతా

నరసరావుపేట ప్రాంతమునుండి ఒక తండ్రిగారు వ్రాసిన జాబు నా ముందున్నది. వారి కుమారుడు ఎం.ఎస్. చదువునకై జర్మనీ చేరి మూడు వారములైనది. అద్దె బ్యాంకు ఖాతాద్వారానే చెల్లింపవలెనని ఇంటి యజమాని యనును. పురకార్యాలయమున చిరునామా నమోదు చేయించుకొని ఆ పత్రము తెచ్చినగాని ఖాతా తెఱవజాలమని బ్యాంకువారందురు. ఇల్లు కుదిరినగాని ఆ నమోదు జరుగదు. వీసా నిమిత్తమై ఇచ్చటినుండియే కట్టిపోయిన 11,904 యూరోలు, 2024 సెప్టెంబరునాటి లెక్క ప్రకారము నెలకు 992 చొప్పున విడుదల కావలసినవి, చేరుటకు వేఱొక ఖాతా లేక బ్లాక్డ్ అకౌంటులోనే నిలిచియున్నవి. పిచ్చి కుదిరినగాని పెండ్లి కాదు, పెండ్లియైనగాని పిచ్చి కుదురదు అన్నట్లున్న యీ స్థితిలో తాము ఎవరిని బ్రతిమాలుకొనవలెనని వారు అడుగుచున్నారు.

ఎవరిని బ్రతిమాలనక్కఱలేదు. ఐరోపా సమాఖ్య 2014లో వెలువరించిన ఆదేశము ననుసరించి జర్మనీ చేసిన చెల్లింపు ఖాతాల చట్టము 2016 జూన్ 19 నుండి ఒక హక్కును కల్పించినది. సమాఖ్య దేశములలో చట్టబద్ధముగా నివసించు ఏ వ్యక్తియైనను, అతడు విద్యార్థియే కానిండు, కూలియే కానిండు, ఆశ్రయము కోరి వచ్చిన శరణార్థియే కానిండు, తుదకు తల దాచుకొనుటకు స్థిరమైన గూడు లేనివాడే కానిండు, 'బాజిస్‌కొంటో' అనబడు ప్రాథమిక ఖాతాను కోరవచ్చును. సామాన్యజనులకు చెల్లింపు ఖాతాలు నడుపు బ్యాంకు దానిని ఇయ్యవలసినదే. ఆదాయము లేదనిగాని, ఆ దేశమున ఋణచరిత్రను లెక్కించు షూఫా సంస్థవద్ద మంచి గుర్తింపు లేదనిగాని త్రోసిపుచ్చుటకు వీలులేదు.

అయితే ఇచ్చట ఒక మెలిక కలదు. మన పిల్లలు చిక్కుపడునది సాధారణముగా దానియందే. బల్లముందు నిలిచి 'నాకొక ఖాతా కావలెను' అని మాత్రము అడిగినచో గుమాస్తా దానిని మామూలు ఖాతాకై చేసిన అభ్యర్థనగా భావించును. అట్టి ఖాతాను ఇచ్చుటయు మానుటయు బ్యాంకువారి యిష్టము. హక్కు అంటుకొనియున్నది ఆ ఖాతా పేరునకు. కావున బాజిస్‌కొంటో కావలెనని పేరు పెట్టి అడిగి, అందులకై నిర్ణయింపబడిన దరఖాస్తు పత్రమును పుచ్చుకొని, పూరించి యిచ్చి, అందినట్లు ఒక ప్రతితోకూడిన రసీదును తీసికొనవలెను. ఆ రసీదు ఇచ్చుట బ్యాంకు విధి. దరఖాస్తు అందిన పది పనిదినములలోపుగా బ్యాంకు ఖాతానైనను ఇయ్యవలెను, నిరాకరణమునైనను కారణసహితముగా వ్రాతమూలమున తెలుపవలెను. నోటిమాటతో పంపివేయుట నిరాకరణముగా చెల్లదు. మన వారి అబ్బాయికి జరిగినది అదియే.

నిరాకరణమునకు తగిన కారణములును శాసనమున లెక్కపెట్టి చెప్పబడియున్నవి: దైనందిన లావాదేవీలు నడుపుకొనదగిన ఖాతా ఆ దేశమున అదివఱకే యుండుట, ఆ బ్యాంకు విషయమున నేరము చేసి శిక్షింపబడియుండుట, చెల్లింపులెగవేసి పూర్వపు ఖాతాను పోగొట్టుకొనియుండుట, ధనశోధన నిషేధపు నియమములకు భంగము కలుగుట మొదలైనవి. బ్లాక్డ్ అకౌంటునుండి అద్దెగాని సెల్‌ఫోను బిల్లుగాని కట్టుటకు వీలులేదు కనుక, అది మొదటి కారణము క్రిందికి రాదు. చిరునామా నమోదు పత్రము లేకుండుట ఈ కారణములలో ఎచ్చటను కానరాదు. ఉత్తరములు అందుటకొక చిరునామా, గుర్తింపునకు పాస్‌పోర్టు చూపినచాలును. కొన్ని బ్యాంకుల వీడియో పరిశీలనలో మన పాస్‌పోర్టు అంగీకరింపబడకపోవచ్చును. అప్పుడు శాఖకే స్వయముగా పోవుట మేలు. ఇంటిలో కాపురము చేరిన పిమ్మట మాత్రము రెండు వారములలోపుగా నమోదు చేయించుకొనవలెను. అందులకు వలయు ధ్రువపత్రమును వ్రాసి యిచ్చుట ఇంటి యజమానికి చట్టము విధించిన బాధ్యతయే.

ప్రాథమిక ఖాతా ఉచితము కాదు. రుసుము న్యాయసమ్మతముగా నుండవలెనని మాత్రమే నియమము. నెలకు 8.99 యూరోలు వసూలు చేసిన ఒక పెద్ద బ్యాంకు రేటు చెల్లదని జర్మనీ సర్వోన్నత న్యాయస్థానము 2020 జూన్ 30న తీర్పు చెప్పినది. ఈ ఖాతాలో ఓవర్‌డ్రాఫ్టును ఆశింపరాదు. క్రొత్తగా వచ్చిన విద్యార్థికి అది లేకుండుటయే శ్రేయమని నా అభిప్రాయము.

ఇంకొక సంగతి. ఈలోపల ఐరోపాలోని వేఱొక దేశపు ఆన్‌లైను బ్యాంకులో ఖాతా దొరకినచో, దాని ఐబాన్ సంఖ్య జర్మనీదానివలె 'డి.ఇ.' తో మొదలుకాలేదని జీతమిచ్చు యజమానిగాని ఫోను సంస్థగాని కాదనరాదు. 2012 నాటి సమాఖ్య నిబంధన 260, తొమ్మిదవ అధికరణము దీనిని నిషేధించుచున్నది. ఐతే ఇంటివద్ద కూర్చుండియే సొమ్ము సంపాదింపవచ్చునని ఆశపెట్టి, నీ పేర ఖాతా తెఱచి వచ్చిన డబ్బును మఱియొకరికి పంపుమను 'ఉద్యోగము' తారసపడినచో దాని దాపునకు పోరాదు. తెలియక చేసితినన్నమాట ఎల్లప్పుడు రక్షింపదు. ఘోరమైన అజాగ్రత్తతో చేసిన ధనశోధనకును ఆ దేశమున శిక్ష కలదు.

తండ్రిగారికి నా సలహా యిది. అబ్బాయిని రేపే బ్యాంకునకు మరల పోయి ఆ పత్రమునే అడుగుమనుడు. రసీదుపైనున్న తేదీనుండి, సెలవులను విడిచి, పది పనిదినములు లెక్కించుకొనుమనుడు. ఖాతా రాకున్నను, అన్యాయమైన నిరాకరణము వచ్చినను, ఆర్థికసంస్థల పర్యవేక్షణకై యేర్పడిన బాఫిన్ అను ప్రభుత్వ సంస్థకు రసీదు ప్రతిని జతచేసి జర్మను భాషలో వ్రాయవలెను. అర్హత కలదని తేలినచో ఖాతా తెఱవుమని బ్యాంకును ఆజ్ఞాపించు అధికారము ఆ సంస్థకు కలదు.