గోళ్లలో దొరికిన డీఎన్ఏ
ప్రశ్న: హత్యకు గురైన మహిళ గోళ్లలో భర్త డీఎన్ఏ దొరికితే నేరం రుజువైనట్టేనా?

జవాబు: కాదండీ. ఒకే ఇంట్లో ఉండేవాళ్లలో ఒకరి డీఎన్ఏ మరొకరి గోళ్లలోకి చేరడం మామూలే. పరీక్ష అది ఎవరిదో చెబుతుంది గానీ ఎప్పుడు, ఎలా చేరిందో చెప్పదు. గోటి సందుల్లో అతని రక్తమో చర్మపు ముక్కలో ఉండి, అతని ఒంటి మీద తాజా రక్కులూ కనిపిస్తే సంగతి వేరు. ముక్కూమొహం తెలియనివాడి డీఎన్ఏ అయితే సాక్ష్యానికి మరింత బలం.

ఇంకో చిక్కు. గోటి మట్టిలో దొరికే డీఎన్ఏలో ఎక్కువ భాగం ఆమె సొంతదే ఉంటుంది. అందుకే మగవారి జాడ కోసం, వై క్రోమోజోమ్‌ను మాత్రమే చూసే వై-ఎస్టీఆర్ పరీక్ష చేస్తారు. అందులో తండ్రీకొడుకులు, అన్నదమ్ములు సాధారణంగా ఒకేలా కనిపిస్తారు! నేనైతే రిపోర్టు కంటే ముందు, మృతురాలి చేతులకు కాగితపు సంచులు కట్టారా అని చూస్తాను. ప్లాస్టిక్ అయితే చెమ్మ చేరి నమూనా పాడవుతుంది.