లేని జంతువును నమ్మడం ఎలా? – సినిమా, సైన్సు, కొంచెం లెక్కలు



మన హాస్టల్ వార్షికోత్సవ సంచికకు ఏదైనా పనికొచ్చే వ్యాసం రాయమని సార్ అన్నప్పుడు నాకు మొదట గుర్తుకొచ్చింది ఒక రాత్రి సంగతి. ఎవరిదో ఫోన్‌లోకి ఒక వీడియో వచ్చింది. చీకట్లో, తడి రోడ్డు మీద, ఒక చిరుతపులి నడిచిపోతోంది. "ఇది మన ఊరి దగ్గరే" అని కింద రాసి ఉంది. పది నిమిషాల్లో అన్ని గదులకూ పాకింది. "అన్నా, నిజంగనే పులొచ్చిందానే?" అని చిన్నపిల్లలు ఏడుపు మొహాలు పెట్టారు. ఐదో తరగతి తమ్ముడు ఒకడు బయటికి పోవడానికి భయపడి, తెల్లారేసరికి పక్క తడిపాడు. అందరూ నవ్వారు. వాడు రెండు రోజులు ఎవరితోనూ మాట్లాడలేదు, ఇంటికి పోతానన్నాడు.

నవ్విన వాళ్ళలో నేనూ ఉన్నాను. తర్వాత సిగ్గనిపించింది. లేని జంతువును మనం ఎందుకు నమ్ముతాం? సినిమా వాళ్ళు ఎలా నమ్మిస్తారు? ఈ రెండు ప్రశ్నలకు నాకు తెలిసినంత జవాబే ఈ వ్యాసం.

1. తెలిసిన దానితోనే తెలియనిది

పీరీల పండుగకు మన ఊళ్ళలో పులి వేషం కడతారు. ఒంటికి రంగు, వెనకాల తోక. లోపల ఉన్నది మనిషని అందరికీ తెలుసు. అయినా డప్పు మోగి, ఆ వేషగాడు నడుం వంచి అడుగు వేయగానే పిల్లలు తల్లి వెనక దాక్కుంటారు. రంగుకన్నా ఎక్కువ భయపెట్టేది ఆ నడక.

ములుగు జిల్లా పాలంపేటలోని రామప్ప గుడి కాకతీయుల కాలంలో 1213లో కట్టింది. 2021లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరింది. అక్కడ నల్లరాతి మదనికలతో పాటు గజకేసరి బొమ్మలు కూడా ఉన్నాయి. ఏనుగు, సింహం కలిసిన అలాంటి జంతువు భూమ్మీద ఎక్కడా లేదు. కానీ ఏనుగూ సింహమూ మనకు తెలుసు కనుక ఆ కలయికను మనసు ఒప్పుకుంటుంది.

విదేశీ సినిమాల్లోనూ ఇదే సూత్రం. హ్యారీ పోటర్ మూడో నవల ఆధారంగా 2004లో వచ్చిన సినిమాలో బక్‌బీక్ అనే జంతువు ఉంది. ముందు సగం గద్ద, వెనక సగం గుర్రం. దాని దగ్గరికి పోవాలంటే ముందు వంగి నమస్కరించాలి, అదీ తిరిగి వంగితేనే ముట్టుకోవాలి. ఆ మర్యాద వల్ల దానికొక స్వభావం వచ్చింది. స్వభావం ఉన్న జంతువును నమ్మడం సులభం.

నవల చదివేటప్పుడు ప్రతి పాఠకుడూ ఆ జంతువును తన మనసులో తానే గీసుకుంటాడు. సినిమాలో అందరికీ ఒకే బొమ్మ. అందుకే నవలను సినిమాగా తీసేవారికి పని కష్టం. ఈకలు ఎలా కదలాలి, రెక్క ఎక్కడ మడవాలి అన్నవి రచయిత రాయకపోయినా వాళ్ళు తేల్చుకోవాలి.

2. బరువు లెక్క

ఇక్కడ మన లెక్కల పుస్తకం పనికొస్తుంది. వేములవాడ రాజన్నకు కట్టే కోడెను మనమందరం చూశాం. దాని బరువు 3 క్వింటాళ్ళు అనుకుందాం. దాని పొడవు, వెడల్పు, ఎత్తు అన్నీ 10 రెట్లు పెంచితే ఏమవుతుంది?

బరువు ఘనపరిమాణాన్ని బట్టి పెరుగుతుంది: 10 × 10 × 10 = 1000 రెట్లు. అంటే 3000 క్వింటాళ్ళు. కాలి ఎముక బలం మాత్రం దాని అడ్డుకోత వైశాల్యాన్ని బట్టి పెరుగుతుంది: 10 × 10 = 100 రెట్లు. కాబట్టి ఎముకలోని ప్రతి అంగుళం మీదా 10 రెట్ల భారం పడుతుంది. ఆ కోడె లేచి నిలబడలేదు. శాస్త్రవేత్త హాల్డేన్ 1926లో రాసిన ఒక ప్రసిద్ధ వ్యాసంలో ఈ లెక్కను రాక్షసుల ఆకారాలకు వేసి చూపాడు. ఏనుగు కాళ్ళు స్తంభాల్లా, జింక కాళ్ళు పుల్లల్లా ఉండటానికి కారణం ఇదే.

మనకు ఈ లెక్క రాకపోయినా కంటికి తెలుసు. పెద్ద జంతువు నెమ్మదిగా కదలాలి, అడుగు పడితే దుమ్ము లేవాలి, నేల అదరాలి. తెరమీద కొండంత జంతువు పిల్లిలా గంతులేస్తే "ఇది గ్రాఫిక్స్" అని చిన్నపిల్లవాడైనా అంటాడు.

హైదరాబాద్ బిర్లా సైన్స్ సెంటర్‌లో కోటసారస్ అనే డైనోసార్ అస్థిపంజరం ఉంది. గోదావరి లోయలో యామన్‌పల్లి వద్ద దొరికిన ఎముకలవి. బతికున్న డైనోసార్‌ను ఏ మనిషీ చూడలేదు. అయినా ఎముకలను బట్టి నడకను ఊహించవచ్చు. 1993 నాటి జురాసిక్ పార్క్ సినిమాలో పెద్ద డైనోసార్ అరుపు కోసం ఏనుగు పిల్ల, పులి, మొసలి గొంతులు కలిపారు. మళ్ళీ అదే సూత్రం: తెలిసిన వాటితోనే తెలియనిది.

3. మన ఈగ

2012 జూలై 6న విడుదలైన రాజమౌళి గారి 'ఈగ' మన తెలుగువారి గొప్ప ఉదాహరణ. చనిపోయిన హీరో ఈగగా పుట్టి పగ తీర్చుకుంటాడు. కథ నమ్మశక్యం కాదు. కానీ ఆ ఈగను రాక్షసి ఈగగా పెంచలేదు, ఈగంతే ఉంచారు. మాటలు పెట్టలేదు. ఈగ ముఖంలో నవ్వు, ఏడుపు కనపడవు కనుక తల తిప్పడం, కాళ్ళు రుద్దుకోవడం, రెక్క విదల్చడంతోనే భావాలు చూపారు. ఎదుట ఈగ లేకుండానే సుదీప్ దానికి భయపడి నటించాడు. అతని భయం చూసి మనం ఈగను నమ్మాం. ఈ సినిమాకు ఉత్తమ తెలుగు చిత్రంగా, ఉత్తమ స్పెషల్ ఎఫెక్ట్స్‌కు జాతీయ అవార్డులు వచ్చాయి.

4. పులి వెనక మనుషులు

యాన్ మార్టెల్ నవల ఆధారంగా 2012లో వచ్చిన 'లైఫ్ ఆఫ్ పై'లో పడవలోని పులి చాలా సన్నివేశాల్లో కంప్యూటర్‌లో చేసిందే. ఆ పని చేసిన రిథమ్ అండ్ హ్యూస్ కంపెనీకి హైదరాబాద్‌లోనూ స్టూడియో ఉండేది. అక్కడి వారూ ఆ పనిలో ఉన్నారు. 2013 ఫిబ్రవరిలో దానికి ఆస్కార్ వచ్చింది. అదే నెలలో ఆ కంపెనీ దివాలా పిటిషన్ వేసింది. వెంట్రుక వెంట్రుక దిద్దిన వారి పేర్లు మనకు తెలియవు. సిరిసిల్ల మగ్గం మీద బట్ట నేసిన వారి పేరు కట్టుకున్న వారికి తెలియనట్టే. బొమ్మలు బాగా వేసే మిత్రులు ఈ రంగం గురించి ఆలోచించవచ్చు. కళతో పాటు అందులో కష్టమూ ఉందని తెలుసుకుని ఆలోచించాలి.

5. మళ్ళీ ఆ వీడియో

మర్నాడు మేం నలుగురం ఆ వీడియోను నాలుగుసార్లు చూశాం. లైటు కింద నుంచి పోతున్నా చిరుతకు నీడ లేదు. తడి రోడ్డు మీద పాదాలు జారుతున్నట్టున్నాయి, బరువు ఆనడం లేదు. గోడమీది అక్షరాలు ఏ భాషవో చదవరాలేదు. అది తయారు చేసిన బొమ్మ.

అయితే రేపు ఈ తప్పులు కూడా లేకుండా చేయగలరు. అందుకే కంటిని ఒక్కదాన్నే నమ్మకూడదు. ఎవరు తీశారు? ఎప్పుడు? ఎక్కడ? అని అడగాలి. నిజమైన చిరుతలూ ఉంటాయి కనుక కొట్టిపారేయకుండా వార్డెన్ సార్‌కు చెప్పాలి, వారు అటవీశాఖ వారిని అడుగుతారు. తెలిసేదాకా ఇంకొకరికి పంపకూడదు.

సినిమా "ఇది కథ" అని చెప్పి నమ్మిస్తుంది. మనం టికెట్ కొని ఇష్టంగా నమ్ముతాం. అబద్ధపు వీడియో కథ అని చెప్పదు. నమ్మేలా ఉండటం వేరు, నిజం కావడం వేరు.

ఆ తమ్ముడిని పక్కన కూర్చోబెట్టుకుని, వీడియో ఆపి, నీడ లేని చోటు చూపించాను. చాలాసేపు చూశాడు. "మరి నువ్వెందుకు నవ్వినవన్నా?" అన్నాడు. నా దగ్గర జవాబు లేదు, తప్పయిందన్నాను. మిత్రులారా, భయపడ్డవాడిని చూసి నవ్వకండి. వాడికి తెలియనిది మీకు తెలిస్తే చెప్పండి. చదువు ఉన్నది అందుకే.