రెక్కలు మూడు

తెనాలి,
ఆదివారం

చి.ల.సౌ. అమ్మలుకి,


నిన్న ఫోన్లో నువ్వడిగినదానికి సరిగ్గా జవాబు చెప్పలేకపోయాను. ఇటు మీ అత్తయ్య కుక్కరు కూతలు, అటు నీ ఆఫీసు హడావిడి. అందుకే ఉత్తరం. "మావాడి ఫ్యాన్ పిచ్చి ఎలా మాన్పించాలి మావయ్యా?" అన్నావు. మాన్పించకు.

సంక్రాంతికి మీరొచ్చినప్పుడు అందరూ భోజనాల దగ్గరుంటే వాడు హాల్లో గచ్చు మీద వెల్లకిలా పడుకుని ఫ్యాన్ చూస్తున్నాడు. నేనూ వెళ్లి పక్కన పడుకున్నాను. (నడుం పట్టేసిన సంగతి మీ అత్తయ్యకి చెప్పకు.) మనిళ్లలో ఫ్యాన్ కింద నుంచి చూస్తే గడియారం ముళ్లకి ఎదురు తిరుగుతుందని నాకు ఆరోజే తెలిసింది. ఇన్నేళ్లూ ఆ గాలి కిందే నిద్రపోయాను! కాసేపటికి వాడు లేచి, నా చెయ్యి పట్టుకుని తీసుకెళ్లి రెగ్యులేటర్ మీద పెట్టాడు. ఒకటిలో పెట్టి "ఒకటి" అన్నాను. తిప్పి "రెండు" అన్నాను. మూడు దగ్గర కావాలనే నోరు మూసుకున్నాను. వాడే "మూడు" అన్నాడు. అని, నా మొహంలోకి చూశాడు. ఆ చూపు కోసమే కదా నువ్వు ఇన్నాళ్లుగా తిరగని చోటంటూ లేకుండా తిరుగుతున్నావు.

లియో కానర్ అనే పిల్లల మానసిక వైద్యుడు 1943లో మనవాడిలాగే ఆటిజం ఉన్న 11 మంది పిల్లల గురించి ఒక వ్యాసం రాశాడు. ఆటిజం గురించి చదివేవాళ్లందరూ దాని దగ్గరికి వెళ్లాల్సిందే. అందులో మొదటి పిల్లాడు డొనాల్డ్ ట్రిప్లెట్, అమెరికాలో మిసిసిపీ రాష్ట్రంలో ఫారెస్ట్ అనే ఊరివాడు. తొమ్మిదేళ్లప్పుడు వాణ్ణి ఊరికి పది మైళ్ల దూరంలో ఒక రైతు దంపతుల దగ్గర ఉంచారు. 1945లో కానర్ అక్కడికి వెళ్లి చూసి ఆశ్చర్యపోయాడు. పిల్లాడికి కొలతల యావ. ఆ రైతు వాడిచేత బావి తవ్వించి, ఎంత లోతొచ్చిందో చెప్పమన్నాడు. చచ్చిన పిట్టల్నీ పురుగుల్నీ పోగేస్తుంటే ఛీ అనకుండా శ్మశానానికని కాస్త నేల ఇచ్చాడు. వాడు ఒక్కోదానికీ గుర్తు పాతి, పేరు రాసి, ఇంటిపేరు మాత్రం ఆ రైతుదే పెట్టాడట! మొక్కజొన్న సాళ్లు పదేపదే లెక్కపెడుతుంటే, దున్నుతూ లెక్కపెట్టమన్నాడు. కానర్ చూస్తుండగా ఆరు సాళ్లు దున్నాడు, చివర గుర్రాన్ని తనే మళ్లించుకుంటూ. పెద్దయ్యాక డొనాల్డ్ సొంత ఊళ్లోనే బ్యాంకులో పనిచేశాడు, గోల్ఫ్ ఆడాడు, ఒక్కడే దేశదేశాలు తిరిగాడు, 2023లో 89 ఏళ్ల వయసులో పోయాడు. అంతా ఆ పొలం చలవే అననుగానీ, ఆ రైతు దంపతుల్ని తలుచుకుంటే నాకు సిగ్గేస్తుంది.

ఎందుకో ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు. నేను లెక్కల మాస్టారుగా ఉద్యోగంలో చేరిన కొత్తల్లో ఎనిమిదో తరగతిలో ఒక అబ్బాయి ఉండేవాడు. ఎవరితోనూ మాట కలిపేవాడు కాదు. లెక్కల నోట్సు వెనక పేజీల నిండా బస్సు బోర్డులు గీసేవాడు. "తెనాలి - గుంటూరు, వయా నారాకోడూరు", కింద బయల్దేరే టైము, చేరే టైము. నేను బోర్డు మీద కాలం-దూరం-వేగం చెబుతున్నాను. వాడు కాలమూ దూరమూ సొంతంగా రాసుకుంటున్నాడు. నేను ఆ పేజీలు చించేశాను, క్లాసంతా చూస్తుండగా. ఆ ఏడంతా వాడు మళ్లీ నా క్లాసులో పెన్సిలు తియ్యలేదు. ఆటిజం అనే మాట అప్పట్లో మా చెవిన పడలేదు, నిజమే. పేజీలు చించకుండా ఉండటానికి ఆ మాట తెలిసుండాలా?

ఇక మనవాడి సంగతి. ఫ్యాన్‌కి మూడు రెక్కలు. మీ ఇంట్లో నాలుగు ఫ్యాన్లు. మూడో ఎక్కం అక్కడే వేలాడుతోంది. వాడు ఫ్యాన్ మీదున్న ఉషా అన్న పేరు బొమ్మలా గుర్తుపడుతున్నాడు కదా, దాన్ని తెలుగులో రాసి ఆ ఫ్యాన్ కిందే గోడకి అంటించు, "ఉ" అక్కడే దిగుతుంది. ట్యూబులైటు వెలుగులో రెక్కలు ఒక్కోసారి వెనక్కి తిరిగినట్టు కనిపిస్తాయి, అది వాడే నీకు చూపిస్తాడు, చూడు. కింది వాటాలో వాళ్ల ఇంటికి తీసుకెళ్లు. "మీ ఫ్యాన్ చూడొచ్చా?" అన్న ఒక్క మాట నేర్పు. మాట రాకపోతే కార్డు మీద రాసి చేతికివ్వు. ముందుగా వాళ్లకి నువ్వు చెప్పి ఉంచు, వింతగా చూడకుండా.

ఒక్కటి మాత్రం చెయ్యకు. "అన్నం తింటేనే ఫ్యాన్" అనకు. వాడికి అది మిఠాయి కాదు, ఊపిరి తిప్పుకునే చోటు. అలాగే చూసినప్పుడల్లా "ఎన్ని రెక్కలు, ఏం రంగు" అని పాఠం మొదలెట్టకు. నేను సినిమా చూస్తుంటే పక్కన కూర్చుని ప్రశ్నలేస్తే నాకెలా ఉంటుంది? రోజులో కొంతసేపు ఊరికే చూడనీ. నీకు వీలైతే పక్కన పడుకో. స్టూలెక్కి అందుకోబోతే ఆపాల్సిందే, అందులో మొహమాటం లేదు.

మన అటక మీద మీ తాతయ్య కాలం నాటి టేబుల్ ఫ్యాన్ ఉంది. మోటారు వైండింగు కొట్టు అబ్బాయి చేత ప్లగ్గు కోయించి, రెక్కల అంచులు అరగదీయించి, లోపలి రాగి తీగ కనపడేలా విప్పించాను. వచ్చే నెల మొదటి వారంలో తెస్తున్నాను. స్క్రూలు వేరే డబ్బాలో వేసి నీ చేతికే ఇస్తాను, వాడు నోట్లో పెట్టుకోకుండా చూసుకో. నాకు మంచం వద్దు, హాల్లో ఫ్యాన్ కింద ఒక చాప వేసి ఉంచు.

ఇట్లు,
మీ మావయ్య